మూడో రగణం

నా ఆఫీసు టేబుల్ సొరుగులో ఒక గాజు బిళ్ళ ఉంది. అరచేతిలో ఇమిడిపోతుంది. కిటికీకేసి పట్టుకుని చూస్తే లేత గులాబీ రంగు, కాస్త పక్కకి వంచితే నిగనిగలాడే ఆకుపచ్చ. మా అమ్మాయి ఒకసారి ల్యాబుకి వచ్చినప్పుడు దాన్ని చూసి ముచ్చటపడి, ఇక్కడి పిల్లల్లాగే చివర్న 'లా' తగిలించి, "సో ప్రెటీ! నాకిచ్చేయ్ లా" అంది. ఇవ్వనన్నాను. అది పాడైపోయిన బిళ్ళ అని చెప్పాను. పాడైపోతే దాచుకోవడం ఎందుకని దాని ప్రశ్న. నిజమే, పాడైన బిళ్ళలు మా దగ్గర బోలెడు, అన్నీ చెత్త డబ్బాలోకే పోతాయి. ఇదొక్కటే మూడేళ్ళుగా నా సొరుగులో ఉంది. దీన్ని పాడుచేసింది నేను. శిక్ష పడింది ఇంకొకరికి.

ముందు నా పనేమిటో చెప్పాలి. గొప్ప చెప్పుకోవాలంటే కాంతి మీద పరిశోధన అంటాను. ఊళ్ళో అత్తయ్యలు అడిగితే, "కళ్ళజోడు అద్దాలకి పూత వేస్తారే, అలాంటిది" అంటాను. నిజానికి రెండోదే దగ్గర. గాలంతా తోడేసిన ఉక్కు గదిలో గాజు బిళ్ళని తలకిందులుగా బిగిస్తాం. ఆ గదిని చాంబర్ అంటాం. కింద చిన్న గిన్నెలో పదార్థాన్ని ఆవిరయ్యేదాకా కాలుస్తాం. ఆ ఆవిరి పైకి వెళ్ళి బిళ్ళకి పొరగా అంటుకుంటుంది. ఒక పొర సిలికా, అంటే గాజే. దాని మీద ఇంకో పొర టైటానియా, గోడలకి వేసే తెల్ల రంగులో కలుపుతారు, అది. తలవెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటుందో ఒక్కో పొర అంతుంటుంది. ఈ పనిలో ఒకటే కష్టం. వేసిన పొరని తీయడం కుదరదు. తప్పు పడితే దాని మీద ఇంకో పొర వేసుకుంటూ పోవాలి, లేదా బిళ్ళనే పారేయాలి.

పొర మారిన ప్రతిచోటా వెలుగు కొంత వెనక్కి తిరుగుతుంది, కొంత ముందుకి పోతుంది. రెండు పదార్థాలనీ ఒకటి విడిచి ఒకటి వరసగా వేసుకుంటూ పోతే, వెనక్కి తిరిగిన వెలుగంతా ఒక జట్టయి ఏదో ఒక రంగుని పూర్తిగా ఆపేస్తుంది. ఇది అద్దాలవాళ్ళందరికీ తెలిసిన పాత సంగతే. వరసా వావీ లేకుండా ఇష్టమొచ్చినట్టు వేస్తే వెలుగు లోపలే ఎక్కడో ఇరుక్కుపోతుంది. నేను పట్టుకున్నది ఈ రెండింటికీ మధ్య దారి. ఇందులో నియమం ఉంటుంది, కానీ చెప్పిందే మళ్ళీ చెప్పడం ఉండదు. ఒక మందపాటి పొరతో మొదలుపెట్టాలి. ప్రతి మందపాటి పొర ఉన్నచోట 'మందం, పల్చన' అనీ, ప్రతి పల్చటి పొర ఉన్నచోట 'మందం' అనీ తిరగరాసుకుంటూ పోవాలి. ఒకటి రెండవుతుంది, రెండు మూడవుతుంది, తర్వాత ఐదు, ఎనిమిది, పదమూడు, ఇరవై ఒకటి, ముప్ఫై నాలుగు. ఎంత దూరం పోయినా ఇందాక విన్న ముక్కే మళ్ళీ వస్తున్నట్టు ఉంటుంది. సరిగ్గా అదే అని మనం నమ్మేలోపు పక్కకి తప్పుకుంటుంది.

అలాంటి కట్టడంలోకి వెలుగుని పంపితే కొన్ని రంగులు మొత్తం వెనక్కి వచ్చేస్తాయి. కొన్ని సన్నటి సందు దొరికించుకుని దూరిపోతాయి. కొన్ని అటూ ఇటూ కాక లోపలే తచ్చాడి ఆలస్యంగా బయటపడతాయి. ఆ సందులు ఎక్కడ రావాలో ముందే లెక్కకట్టి, తర్వాత బిళ్ళ తయారుచేసి, అక్కడే వచ్చాయని గ్రాఫులో చూపించడం నా ఉద్యోగం.

ఆ శిక్ష పడిన మనిషి మా ల్యాబుకి కాంట్రాక్టరు తరఫున వచ్చాడు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లో వాళ్ళ ఊరు. అంతకుముందు రెండేళ్ళు ఈ ద్వీపదేశంలోనే షిప్‌యార్డులో ఓడల తుప్పు గీకి రంగులు వేశాడు. మా దగ్గర అతని పని గాజు బిళ్ళలు కడగడం, చాంబర్లో బిగించడం, తీసి డబ్బాల్లో సర్దడం. వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనిషికి ఎండా వానా తగలని ఉద్యోగం దొరకడమంటే మాటలు కాదు. మొదటిరోజు తెల్ల గౌనూ టోపీ వేసుకుని ఫోటో తీయించుకున్నాడు. మర్నాడు ఆ ఫోటో నాకు చూపించి, "డాకటరులాగున్నావని మా ఇంటిది ఒకటే నవ్వుతంది మేడం" అని సిగ్గుపడ్డాడు. ఫోన్లో అదే డీపీగా పెట్టుకున్నాడు.

మేడం అనొద్దని, అక్కా అంటే చాలని చెప్పాను. నాది గుంటూరు. అతను "ఏటక్కా" అంటే నేను "ఏంది తమ్ముడూ" అనేదాన్ని, ఇద్దరం ఒకరి యాసని ఒకరం వెక్కిరించుకునేవాళ్ళం. నేను తూర్పు కొసన టాంపినీస్‌లో ఉంటాను, అతని డార్మిటరీ, అంటే పనివాళ్ళ వసతి, బూన్ లే దాటాక. ల్యాబు పడమటివైపు. నేను ద్వీపం ఈ కొసనుంచి ఆ కొసదాకా రైల్లో కునుకుతీస్తూ వచ్చేసరికి అతను బిళ్ళలన్నీ తళతళలాడేలా కడిగి, నా కోసం వేడినీళ్ళు కూడా పెట్టి ఉంచేవాడు. అతను కడిగిన బిళ్ళ మీద దుమ్ము రేణువు వెతకడం నాకొక పందెంలా ఉండేది. ఆ పందెం నేను ఎప్పుడూ గెలవలేదు.

మా చాంబర్ పాతది. దాని కంప్యూటర్‌కి బయటి ఫైళ్ళు ఎక్కవు. ఏ పొర తర్వాత ఏ పొరో ఒక్కొక్కటీ చేత్తో నొక్కాల్సిందే. కాగితం చూస్తూ నేనే నొక్కితే చూపు ఒక వరస నుంచి ఇంకో వరసలోకి జారిపోయేది. అతన్ని చదవమంటే "ఏ, బీ, ఏ, ఏ, బీ, ఏ, బీ" అని మొదలుపెట్టి, పదో అక్షరం దగ్గర నాలుక మడతపడి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. రెండు బిళ్ళలు అలాగే దండగయ్యాయి. మూడోసారి అతను కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇయి గురువులూ లఘువుల్లాగున్నాయి. గణాలు కట్టీసి సదివితే తప్పు పడదు" అన్నాడు.

పదో తరగతి ఛందస్సు నేను పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయాను. అతను మర్చిపోలేదు. వాళ్ళ నాన్న పద్య నాటకాల్లో వేషాలు కట్టేవాడట. బళ్ళో తెలుగు మాస్టారు బల్ల మీద స్కేలుతో కొడుతూ 'యమాతారాజభానసలగం' వల్లె వేయించేవారట. మందపాటి సిలికా పొర గురువు, పల్చటి టైటానియా పొర లఘువు. మూడేసి చొప్పున విడగొడితే గురువు లఘువు గురువు రగణం, లఘువు గురువు గురువు యగణం, అలా. ముప్ఫై నాలుగు పొరల కొండవీటి చాంతాడు కాస్తా ఒక్క ఊపిరిలో అయిపోయింది.

ర ర య య జ త ర ర ర య య ల.

అప్పట్నుంచీ అదే మా పద్ధతి. నేను కాగితం మీద గురులఘువులు గుర్తులు పెట్టి ఇచ్చేదాన్ని. అతను చాంబర్ పక్కన నిలబడి, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ పద్యం ఎత్తుకున్నట్టు చదివేవాడు. నేను నొక్కేదాన్ని. పక్క బల్ల దగ్గర పనిచేసే చైనీస్ అమ్మాయి చాలా రోజులు మేం యంత్రానికి పూజ చేస్తున్నామనుకుంది. ఒకరోజు తన యంత్రం మొరాయిస్తే మొహమాటపడుతూ వచ్చి, "మీ ప్రేయర్ నా మెషీన్‌కి కూడా చెప్తారా, కెన్ ఆర్ నాట్?" అని అడిగింది. మాత్రలు లెక్కపెట్టే మన పాత ఛందస్సు పండితులకి ఈ రెండు మూడు ఐదు ఎనిమిదుల వరస ఎప్పుడో తెలుసని తర్వాత ఎక్కడో చదివాను. అది అతనికి చెప్తే ఏమంత ఆశ్చర్యపోలేదు. "తెలీకేటక్కా" అన్నాడు.

మా ల్యాబు పెద్దాయన ఇక్కడివాడే, మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఏడాది తిరిగేసరికి అతని పనితనం ఆయన కంట్లో పడింది. వచ్చే ఏడు కాంట్రాక్టరు ద్వారా కాకుండా నేరుగా టెక్నీషియన్‌గా తీసుకుందామని నాతో అన్నారు. ఆ మాట నేనే పరుగున వెళ్ళి అతనికి చెప్పాను. చెప్పకపోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆశ పెట్టింది నేనే, దాన్ని తుంచిందీ నేనే.

ఆ రోజు పొద్దున్న ఇంట్లో గొడవతో మొదలైంది. అమ్మాయి అప్పుడు ప్రైమరీ సిక్స్, అంటే ఆరో తరగతి. నీళ్ళ సీసా పెట్టుకున్నావా అని అడిగాను. దానికి కోపం వచ్చింది. "ఆల్రెడీ టూ టైమ్స్ అడిగావు మా. వై రిపీట్ లా?" అని తలుపు దడాలున వేసుకుని పోయింది. రైల్లో సీటు దొరకలేదు. దారిపొడుగునా ఆ 'రిపీట్' అన్న మాటే చెవిలో గింగురుమంది. ల్యాబుకి చేరేసరికి నా మొహం ఎలా ఉందో గానీ అతను వేడినీళ్ళ కప్పు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా పక్కకి తప్పుకున్నాడు.

మూడు రోజుల్లో బయటి కంపెనీ నుంచి మనుషులు వస్తున్నారు. మా ముప్ఫై నాలుగు పొరల బిళ్ళ చూసి, నచ్చితే మాతో కలిసి పనిచేస్తామన్నారు. మర్నాటి నుంచి చాంబర్ ఇంకొకళ్ళది, కాబట్టి ఆ రోజే వేయాలి. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. అతను మొదలుపెట్టాడు.

"ర... ర... య... య... జ... త... ర... ర... ర..."

"రెండే" అన్నాను, తల తిప్పకుండా.

"మూడున్నాయక్కా."

"మొదట్లో రెండు ర, రెండు య వచ్చాయి కదా. ఇక్కడా అంతే. చెప్పిందే చెప్పకు."

అతను కాగితం నా వైపు చాపాడు. అతని వేలు ఆ మూడో రగణం కింద ఉంది. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే చూడకుండా ఉండటానికి నేను కొంచెం ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ కాగితం రాసింది నేనే. కళ్ళు అరంగుళం కదిపితే సరిపోయేది.

"ఎవరు రాశారు ఇది? నేనా, నువ్వా?" అన్నాను.

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. గొంతు తగ్గించి, "య... య... ల" అని ముగించాడు. ఆ రోజు తాళం వేయలేదు.

నేను చేసిన పని చూడండి. ఎక్కడా అచ్చు మళ్ళీ రాదన్నదే ఈ కట్టడం మొత్తానికి ప్రాణం. ఆరేళ్ళు దాని మీదే చదివాను. దేశదేశాల్లో నిలబడి, ఇది మళ్ళీ వచ్చినట్టే ఉంటుంది కానీ రాదు అని ఉపన్యాసాలిచ్చాను. నా ముందు అది అలాగే రాబోతే, మొదట వచ్చినట్టే వచ్చి తీరాలని పట్టుబట్టాను. పదో తరగతి చదివినవాడు కాగితం మీద ఉన్నది చదివాడు. నేను నా తలలో ఉన్నది చదివాను.

బిళ్ళ మూడు పొరలు తక్కువతో తయారైంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. కంటికి తేడా కనబడదు, అదే గులాబీ, అదే ఆకుపచ్చ. కంపెనీవాళ్ళు వచ్చినరోజు దాన్ని మీటర్లో పెట్టి వెలుగు పంపాం. తెర మీద గీత గీసుకుంటూ వచ్చింది. ఆకుపచ్చ దగ్గర లోతైన లోయ రావాలి, వచ్చింది. ఆ లోయ మధ్యలో సూది మొనలాంటి శిఖరం ఒకటి లేవాలి, వెలుగు దూరిపోయే సందు అదే. అక్కడ అది లేదు. దాని పక్కన రెండు చిన్న గుట్టలున్నాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన మర్యాదగా, "ఇంట్రెస్టింగ్" అన్నాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

వాళ్ళని పంపేశాక పెద్దాయన నన్నూ అతన్నీ నిలబెట్టి అడిగారు. "వాట్ హ్యాపెండ్ ఆహ్?"

నాకు అప్పటికి నిజం తెలియదు. ఈ ముక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తెలియదు గానీ మూడో 'ర' మాత్రం చెవిలో ఉంది. ఒక్క పది నిమిషాలు అడిగి, కాగితం తెచ్చి, నొక్కినదానితో సరిచూసి ఉంటే తెలిసిపోయేది. అడగలేదు. ఆ నెలలోనే నా ఉద్యోగం పొడిగించాలి, దానితో మా ఇంట్లో ముగ్గురం ఈ దేశంలో ఉండటానికిచ్చిన పాసులూ ముడిపడి ఉన్నాయి, అమ్మాయి బడి ముడిపడి ఉంది. భయమేసింది. భయంలో నోరు దానంతట అదే తెరుచుకుంది.

"బిళ్ళ కడగడంలోనో, బిగించడంలోనో ఏదో తేడా జరిగి ఉండొచ్చు" అన్నాను.

ఇంగ్లీషులో అన్నాను. అతనికి అర్థం కాదులే అనుకుని కూడా అన్నానేమో, తెలియదు. అర్థమైంది. నా వైపు చూశాడు. నేను గాజు బిళ్ళ వైపు చూస్తున్నాను. నేను కీబోర్డు దగ్గర అన్న మాట అతను పెద్దాయనకి చెప్పొచ్చు. చెప్పలేదు. "సారీ సార్" అన్నాడు.

జరిగినదాని మీద ఒక కాగితం రాయడం ల్యాబు నియమం. పెద్దాయన రాశారు. కారణం అన్నచోట 'హ్యాండ్లింగ్ ఎర్రర్' అని, పక్కన అతని పేరు. చదివి సాక్షిగా సంతకం పెట్టమని నాకిచ్చారు. పెట్టాను. వారం తిరక్కుండానే కాంట్రాక్టరు అతన్ని తిరిగి షిప్‌యార్డుకి పంపేసి ఇంకో మనిషిని పంపాడు. చివరిరోజు అతను గౌను ఉతికి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. దాని మీద గణాల కాగితం.

"జాగర్తక్కా. కొత్తోడికి గణాలు రావేమో" అన్నాడు.

అతను వెళ్ళిపోయిన పది రోజులకి ఆ గ్రాఫు తీసి ముందేసుకున్నాను. ఆ రెండు గుట్టలూ నన్ను నిద్రపోనివ్వడం లేదు. బిళ్ళ మీద మరక ఉంటే ఇలా రాదు, సరిగ్గా బిగించకపోయినా రాదు. ఆ తప్పులకి గీత మసకబారుతుంది. ఇక్కడ గీత పదునుగా ఉంది, చోటు మాత్రమే తప్పు. లెక్కలో ఒక పొర తీసి చూశాను, కుదరలేదు. రెండు తీసి చూశాను. ఆ తర్వాత చేసేది తెలిసే చేశాను. తొమ్మిదో గణం మొత్తం తీసేసి లెక్కకట్టాను. తెర మీద కొత్త గీత వచ్చి పాత గీత మీద కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు.

అబద్ధం చెప్పడం వెలుగుకి చేతకాదు. ఏ పొర ఎక్కడుందో అది అన్నీ తడుముకుంటూ వస్తుంది, బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. నేను మాత్రం చెప్పలేదు. తెర మీద ఆ విండో మూసేసి, ఫైలు సేవ్ చేయకుండా బయటికొచ్చాను. మధ్యాహ్నం అన్నం తిన్నాను కూడా. పెద్దాయన గది నా గదికి నాలుగడుగుల దూరం. నా ఉద్యోగం పొడిగించిన కాగితం వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. అది వచ్చాక, ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారని ఆగాను. ఆ తర్వాత ముప్ఫై నాలుగు పొరల బిళ్ళ ఇంకోటి చేశాను, మూడు రగణాలతో. సూది మొన సరిగ్గా ఉండాల్సిన చోట లేచింది. దాని మీద నా వ్యాసం అచ్చయింది. చివర్లో యంత్రానికి కూడా కృతజ్ఞతలు రాశాను. మనిషి పేరు రాయలేదు.

మూడేళ్ళు అలా గడిచాయి. మనసు మాత్రం గడవలేదు. రైలు బూన్ లే వైపు వెళ్ళేటప్పుడు పని బట్టల్లో ఎవరు కనిపించినా తల ఫోన్లోకి దించుకునేదాన్ని. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, అలాంటి బతుకు.

మొన్న ఒక ఆదివారం తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళి వస్తూ బూన్ లే బస్ ఇంటర్‌చేంజ్ పక్కన తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో టీ తాగుదామని ఆగాను. వెనకనుంచి, "అక్కా!" అని కేక.

అతనే. కాస్త నల్లబడ్డాడు. గోళ్ళ కింద రంగు ఇరుక్కుని ఉంది. ల్యాబులో ఆ గోళ్ళని రోజుకి పదిసార్లు తోముకునేవాడు. మొహమంతా నవ్వు. నన్ను కూర్చోబెట్టి, నేను వద్దంటున్నా వెళ్ళి రెండు తే తారిక్‌లు తెచ్చాడు. పక్కన ఇద్దరు ఊరివాళ్ళుంటే పిలిచి, "మా అక్క. పెద్ద సైంటిస్టు. మేమిద్దరం మిసనుకి పద్యం సెప్పీవోలం" అని పరిచయం చేశాడు. వాళ్ళు నమ్మనట్టు నవ్వారు. "కాదేట్రా, ఇనండి" అని బల్ల మీద వేళ్ళతో తాళం ఎత్తుకున్నాడు. కళ్ళు మూసుకుని గడగడా చదివాడు.

"ర ర య య జ త ర ర య య ల."

రెండే చదివాడు.

నేను కప్పు బల్ల మీద పెట్టేశాను. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ వాళ్ళ బల్లకి వెళ్ళిపోయారు. అతను కళ్ళు తెరిచి, "మర్సిపోలేదక్కా. మా పాపకి గూడా నేర్పినాను ఫోన్లో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ దినం నాను మూడని అడ్డం తగిలినాను గదా. తరవాత శానా దినాలు బాధపడినాను. మీరు అసలే సిరాగ్గా ఉన్నారు, మద్దెలో నాను తప్పు సదివి ఇంకా కంగారెట్టినాను. బిళ్ళ గూడా నానే సరిగ్గా తుడవలేదో ఏటో. మీకు మాటొచ్చింది నా వల్ల" అన్నాడు.

మూడేళ్ళ నుంచీ క్షమాపణ దాచుకున్నది అతను. ఇంకొక్క క్షణం ఆగితే, టీ చల్లారిపోతోంది తాగు తమ్ముడూ అనేసి లేచిపోతానని తెలుసు. నా సంగతి నాకు తెలుసు.

"మూడే" అన్నాను. "కాగితం మీద మూడే ఉన్నాయి. నువ్వు సరిగ్గా చదివావు. నేను మూడో ర నొక్కలేదు. బిళ్ళ అందుకే పాడైంది. నువ్వు తుడిచినదాంట్లో ఏ తప్పూ లేదు."

అతను ముందు నవ్వాడు, ఆటపట్టిస్తున్నాననుకుని. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, పెదాలు కదిలిస్తూ. ర దగ్గర మూడు వేళ్ళు ముడిచి అలాగే ఉంచాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వెళ్ళిన పది రోజులకి."

అతను తల ఊపాడు. ఏమైనా అంటాడని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. తిడితే నాకు కాస్త తేలికవుతుంది, ఆ తేలిక కోసమే కోరుకున్నాను, అది కూడా చెప్పేయాలి. అతను తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆ కాయితం మీద నా పేరుందా మేడం?"

"ఉంది."

"మీది?"

సాక్షిగా పెట్టిన సంతకం ఉంది. అతను అడుగుతున్నది దాని గురించి కాదు.

"లేదు" అన్నాను.

అతను లేచాడు. రెండు కప్పులూ ట్రేలో పెట్టుకున్నాడు, నా కప్పులో సగం టీ అలాగే ఉంది. ట్రేలు పెట్టే చోట పెట్టి వచ్చి, "బస్సొచ్చీసింది. ఎల్లొస్తాను" అన్నాడు. ఊరివాళ్ళిద్దరితో కలిసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్దాయన గదికి వెళ్ళాను. నాలుగడుగులే. ఆ లెక్క మళ్ళీ కట్టి, రెండు గ్రాఫులూ ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు గ్రాఫులు చూసి, తర్వాత నన్ను చూశారు. ఆ చూపు గురించి రాయను. అతన్ని తిరిగి తీసుకోగలమా అని అడిగాను. ఆ ఉద్యోగం ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. పాత కాగితం తీసేయమని అడిగాను. సంతకాలైన కాగితం తీయడం కుదరదట. కావాలంటే వెనక ఇంకో కాగితం జతచేయొచ్చట. కూర్చుని రాశాను. తప్పు నాదని, ఏ గణం దగ్గర ఎలా జరిగిందీ అన్నీ రాసి, నా పేరు పెట్టాను. అది ఫైల్లో పాతదాని వెనక చేరింది. ఫైలు తెరిస్తే ముందు కనిపించేది ఇప్పటికీ అతని పేరే.

నా కాగితం ఫోటో తీసి అతని పాత నంబరుకి పంపాను. కింద తెలుగులో, 'నీ పేరు తీయలేకపోయాను. నాది పెట్టాను' అని రాశాను. డీపీలో ఇంకా ఆ తెల్ల గౌను ఫోటోయే ఉంది, టోపీ కాస్త పక్కకి ఒరిగి, కళ్ళు నవ్వుతూ. సాయంత్రానికి చూసినట్టు గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.

మర్నాడు పొద్దున్న రైల్లో మళ్ళీ తెరిచి చూశాను. తెల్ల గౌను ఫోటో తీసేశాడు. పసుపు హెల్మెట్ పెట్టుకుని, తుప్పుపట్టిన ఓడ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో పెట్టాడు.